వెనక్కి దిగిన మెట్లు

మొన్న సాయంత్రం ప్రాక్టీసు మొదలవకముందే ఒక పిల్ల మీద అరిచాను. అరవడం నాకు కొత్త కాదు. పటమటలో మా కోర్టు పక్కనుంచి పోయే ఆటోవాళ్ళకు కూడా నా గొంతు తెలుసు. కానీ ఈ అరుపుకు పిల్లలందరూ చేతుల్లో బంతులు వదిలేశారు. అవి నాలుగుసార్లు ఎగిరి, గోడ దాకా దొర్లి ఆగాయి. 

ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. ఈ ఏడే టీములో చేరింది. గ్యాలరీ పైమెట్టు మీద నీళ్ళ సీసా పెట్టి, వీపు మావైపు తిప్పి, ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగింది.

"ఎవరు నేర్పారే నీకిది?" అన్నాను.

"అక్కావాళ్ళు చెప్పారండీ. ఇలా దిగితే గెలుస్తామంట కదండీ," అంది. కళ్ళ నిండా నీళ్ళు.

వెనక్కి దిగితే గెలుస్తామనే ఈ సెంటిమెంటు మా టీములో పుట్టి నాలుగేళ్ళయింది. పుట్టించింది నేనే. రెండేళ్ళుగా దాన్ని చంపాలని చూస్తున్నాను, చావడం లేదు. ఒక బ్యాచి మానేస్తే, ఇంకో బ్యాచి ఎక్కడినుంచో పట్టుకొస్తుంది.

పోయిన నెల ఒక స్కూలువాళ్ళు స్పోర్ట్స్ డేకి పిలిచారు. ఇన్నేళ్ళు పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పారు కదా, ఒక్కో సీజన్ మీకేం నేర్పిందో పది నిమిషాలు చెప్పమన్నారు. చెప్పాను. క్రమశిక్షణ అన్నాను, పదిమందితో కలిసి ఆడటం అన్నాను, ఓడినా తల దించుకోకపోవడం అన్నాను. చప్పట్లు కొట్టి శాలువా కప్పారు. ఇంటికొచ్చి ఆ శాలువా మడత కూడా విప్పకుండా బీరువాలో పడేశాను. ఒక సీజన్ నాకు నిజంగా నేర్పింది మైకు ముందు చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు అన్నం పెట్టింది బంతే. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగంతోనే మా ఇల్లు నిలబడింది. అందుకే సర్టిఫికెట్ అంటే నాకు దేవుడి పటమంత గౌరవం. ఆఫీసు అయిపోగానే చీర మార్చి ట్రాక్ ప్యాంటు వేసుకుని కోర్టుకు వచ్చేదాన్ని. పద్నాలుగు, పదిహేనేళ్ళ ఆడపిల్లలు. వాళ్ళలో ఒక్కరికైనా నాకు దొరికింది దొరకాలని పట్టుదల. పట్టుదల అనేది నేను పెట్టుకున్న మంచి పేరు. మా ఆయన దాన్ని మొండితనం అనేవారు.

నాలుగేళ్ళ కిందటి ఆ సీజన్ మొదట్లో ఇంకో పిల్ల వచ్చింది. తొమ్మిదో నంబరు చొక్కా ఇచ్చాను. బందరు దారిలో, ఉయ్యూరు దాటాక వచ్చే ఒక నేత ఊరు వాళ్ళది. చదువుకోసం గుణదలలో పిన్ని ఇంట్లో ఉండేది. బక్కపల్చగా ఉండేది కానీ కాళ్ళు మాత్రం ఉక్కు. లే-అప్ అడుగులు నేర్పడానికి నాకు మామూలుగా నెల పడుతుంది. బంతి అందుకుని ఒక అడుగు, రెండో అడుగు, ఎగరడం. అంతే, కానీ పిల్లలకు కాళ్ళూ చేతులూ కలవవు. ఈ పిల్ల మొదటిరోజే వేసేసింది. ముందెక్కడైనా ఆడావా అని అడిగితే సిగ్గుపడింది.

"లేదండీ. మగ్గం తొక్కుతానండీ. అదీ ఇంతేనండీ, ఒక కాలు తర్వాత ఇంకో కాలు. మధ్యలో ఆలోచించకూడదండీ."

వాళ్ళింట్లో ఉండేది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ నేస్తారు. సెలవులకు ఇంటికి వెళితే వాళ్ళ నాన్న భోజనానికి లేచినప్పుడల్లా ఈ పిల్ల గుంటలో దిగి కూర్చునేదట. ఆ మాట విన్నాక నాకు ఆ పిల్ల మీద ఆశ పుట్టింది. ఆశ కాదు, దురాశ. ఈ పిల్లను స్టేట్ టీముకు పంపాలి. నాకేమైతే దొరికిందో అది ఈ నేతగాడి ఇంటికి చేరాలి. వాళ్ళ నాన్నతో ఫోన్లో అన్నాను కూడా.

"మీ అమ్మాయిని నాకు వదిలేయండి, మిగతాది నేను చూసుకుంటాను."

"మీ ఇష్టమండీ. మీరెలా చెబితే అలాగేనండీ," అన్నాడాయన.

ఆ పిల్లలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎదురు చెప్పకపోవడం. మిగతావాళ్ళు ఎండ అనీ, కడుపునొప్పి అనీ, ట్యూషననీ వంకలు చెప్పేవాళ్ళు. ఈ పిల్లకు ఏం చెప్పినా "అలాగేనండీ" అనేది. చూసి నేర్చుకోండే అని మిగతా పిల్లలను రోజూ దెప్పేదాన్ని. ఇప్పుడు ఎదురు చెప్పని పిల్ల కనిపిస్తే నాకు భయం వేస్తుంది.

దసరాకు ముందు ఉయ్యూరులో ఒక టోర్నమెంటుకు వెళ్ళాం. రెండో మ్యాచిలో బోర్డుకు తగిలి వెనక్కి వచ్చిన బంతి కోసం ఆ పిల్ల ఎగిరింది. దిగేటప్పుడు అవతలి టీము పిల్ల పాదం మీద దిగింది. మోకాలు లోపలికి మడత పడింది. ఎండు పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. బెంచి మీద కూర్చున్న నాకు వినిపించింది. అంత గోలలో ఎలా వినిపించిందని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. వినిపించింది, అంతే.

లోపలికి పరిగెత్తాను. పిల్ల అప్పటికే లేచి నిలబడింది.

"పర్లేదుగా?" అన్నాను.

"పర్లేదండీ," అంది.

మా వైపు పెద్దవాళ్ళెవరైనా పర్లేదుగా అని అడిగారంటే పర్లేదు అనమనే. ఇంటికొచ్చినవాళ్ళకు విస్తట్లో కూర చాలకపోయినా పర్లేదండీ అంటారు, బస్సులో కాలు తొక్కినా పర్లేదండీ అంటారు. ఎక్కడ నొప్పి అని నేను అడగలేదు. అడిగి ఉంటే పద్నాలుగేళ్ళ పిల్ల ఇక్కడండీ అని చూపించేదేమో. నాకు కావలసిన జవాబు వచ్చేలా అడిగాను, అదే వచ్చింది. ఆ పిల్లను ఇంకో క్వార్టరు ఆడించాను.

రెండు వారాలకు వాపు తగ్గింది. ప్యాంటు లోపల మోకాలికి పట్టీ వేసుకుని వచ్చేది. నిటారుగా పరిగెత్తేటప్పుడు ఏమీ తెలిసేది కాదు. చూడు, కుర్రకాళ్ళు కదా, సర్దుకుంది అనుకున్నాను. అనుకున్నానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను.

మా టీముకు ఆదివారం పొద్దున్నే గుణదల మేరీమాత కొండ మెట్లెక్కించే అలవాటు ఉండేది. కాళ్ళకు దమ్ము రావాలని. మొక్కున్నవాళ్ళు ఆ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కుతారు, మనవాళ్ళూ వెళ్ళి కొబ్బరికాయ కొడతారు. వాళ్ళకు అడ్డం రాకుండా పక్కనుంచి ఎక్కి దిగేవాళ్ళం. దసరా సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చిన మొదటి ఆదివారం, పైకి అందరికన్నా ముందు ఎక్కింది మా తొమ్మిదో నంబరే. దిగేటప్పుడు మాత్రం కనిపించలేదు. అందరూ దిగి చెమట తుడుచుకుంటుంటే, పైన మలుపు దగ్గర కనిపించింది. ముఖం కొండవైపు, వీపు మావైపు. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగుతోంది.

పిల్లలు కిలకిలా నవ్వారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డిగ్రీ చదివే రోజుల్లో నా కుడి మోకాలు దెబ్బతింది. మూడు నెలలు హాస్టల్ మెట్లు నేను అలాగే దిగాను. ముందుకు దిగితే మోకాలు బరువు ఆపలేక వణుకుతుంది, వెనక్కి దిగితే నొప్పి సగమే. ఎవరూ నేర్పక్కర్లేదు, మోకాలు పోయినవాళ్ళు రెండోరోజుకు కనిపెట్టేస్తారు. అందువల్ల ఆ మలుపు దగ్గర ఆ వీపు కనిపించిన క్షణంలోనే నాకు అంతా తెలిసింది. ఉయ్యూరులో విన్న చప్పుడు మళ్ళీ వినిపించింది. స్టేట్ టీము సెలక్షన్ మ్యాచికి ఇంకా మూడు వారాలే ఉందని కూడా అదే క్షణంలో గుర్తొచ్చింది.

"ఏంటే, అమ్మవారికి వీపు చూపించనని మొక్కుకున్నావా?" అన్నాను నవ్వుతూ, అందరికీ వినబడేలా.

ఆ పిల్ల తల తిప్పి నన్ను చూసింది. ఒక్క క్షణమే. తర్వాత తనూ నవ్వింది.

"అవునండీ. మొక్కండీ. స్టేటుకు సెలెక్టవ్వాలనండీ."

దాక్కోవడానికి చోటు నేనే చూపించాను, ఆ పిల్ల వెళ్ళి దాక్కుంది. మర్యాదగల పిల్ల కదా. మిగతా పిల్లలకు ఇంకేం కావాలి? మేమూ దిగుతామండీ అంటూ మళ్ళీ పైకి పరిగెత్తారు. పదకొండుమంది వెనక్కి తిరిగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కేకలు పెడుతూ దిగారు. కొండకు వచ్చిన ముసలమ్మ ఒకామె వాళ్ళను చూసి ఎంత భక్తి తల్లీ అని చేతులు జోడించింది. ఆ తర్వాత కోర్టులోనూ మొదలుపెట్టారు. గ్యాలరీ ఎక్కడం, వెనక్కి దిగడం. దానివల్ల తొమ్మిదో నంబరు ఒక్కతే విడిగా కనిపించడం పోయింది. నేను ఆపలేదు. పిల్లల్లో ఊపు వచ్చిందని సంతోషించాను కూడా.

సెలక్షన్ మ్యాచి మూడో క్వార్టరులో, చుట్టూ ఎవరూ లేకుండా, ఆ పిల్ల పాదం నేల మీద ఉంచి ఒళ్ళు తిప్పింది. మోకాలు ఒళ్ళుతో పాటు తిరగలేదు. పడిపోయింది. ఈసారి నేను పర్లేదుగా అని అడగలేదు. కింద పడుకునే ఆ పిల్ల నావైపు చూసి, అడక్కుండానే "పర్లేదండీ" అంది. మేం గెలిచాం. సాయంత్రం అంటించిన లిస్టులో ఆ పిల్ల పేరు ఉంది.

మర్నాడు ఎముకల డాక్టరు దగ్గర వాళ్ళమ్మా నాన్నా బల్లకు అవతల కుర్చీల అంచున కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. డాక్టరు స్కాన్ తీసిన ఫిలిం వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు తగిలిందమ్మా?"

"నిన్ననండీ. మ్యాచిలో," అంది ఆ పిల్ల.

"నిన్నటిలా లేదే. లిగమెంటు తెగి చాలా రోజులైనట్టుంది. దానిమీదే ఆడటం వల్ల లోపల మెత్తటి భాగం కూడా అరిగిపోయింది." ఆయన తల తిప్పి నన్ను చూశాడు. "ఇంతకుముందు ఏమన్నా దెబ్బ తగిలిందా మేడం?"

పిల్ల నన్ను చూడలేదు. ఒళ్ళో ఉన్న తన చేతులు చూసుకుంటోంది.

"నాకు తెలిసి లేదండీ," అన్నాను.

ఆపరేషన్ అయింది. స్టేట్ క్యాంపుకు ఆ పిల్ల బదులు వేరే అమ్మాయి వెళ్ళింది. నెల తర్వాత వాళ్ళ నాన్న కోర్టుకు వచ్చాడు. చంకలో కాగితం పొట్లం. విప్పితే ఒక చీర, మామిడిచిగురు రంగు అంచు.

"మా ఇంట్లో నేసిందేనండీ. అమ్మాయి పేరు లిస్టులో చూసుకున్నామంటే మీ చలవేనండీ. మిగతాది మా రాత," అని రెండు చేతులతో అందించాడు.

నేను కూడా రెండు చేతులతోనే తీసుకున్నాను.

ఆ కాలు చివరికి ఏమైందో తర్వాత తెలిసింది. నడుస్తుంది, కానీ మోకాలు పూర్తిగా వంగదు. ఆట పోయింది, మగ్గం గుంటలోకి దిగడం కూడా పోయింది. తిరిగి వాళ్ళ ఊరి స్కూల్లోనే చేర్పించారు. నేను ఇంకో రెండు సీజన్లు ఆడించాను. పిల్లలు గ్యాలరీ వెనక్కి దిగుతూనే ఉన్నారు, గెలుస్తూనే ఉన్నారు. నేను మాత్రం వాళ్ళు దిగేటప్పుడు నీళ్ళ కుళాయి దగ్గరకో, ఫోను చూసుకోవడానికో పక్కకు పోయేదాన్ని. ఆఫీసు మెట్ల మీద ఎవరైనా కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగినా ఇంకోవైపు తిరిగిపోయేదాన్ని. కలలో కూడా ఆ పిల్ల ముఖం రాదు. వీపే వస్తుంది, దాని మీద తొమ్మిది అంకె.

రెండేళ్ళ కిందట, ఫిబ్రవరిలో, ఇంక ఉండలేక బందరు బస్సెక్కాను. చెప్పేసి వద్దామని. బీరువాలోంచి ఆ చీర తీసి మొదటిసారి కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు అరగంట ఆగింది. ఆ అరగంటా చెప్పాల్సిన మాటలు వరస తప్పకుండా మనసులో అనుకున్నాను.

వాళ్ళమ్మ గుమ్మంలోనే చీర గుర్తుపట్టింది. "మా ఆయన నేసిందే కదండీ!" అని నా కుచ్చిళ్ళు తనే సర్దింది. పక్క గదిలో మగ్గం నడుస్తోంది, ఆయన పనిలో ఉన్నాడు. పిల్ల స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. పొడుగెదిగింది. ఇంటర్ అట. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. కాఫీ ఇచ్చారు. నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా వాళ్ళమ్మ నా ఎదురుగా నేలమీద కూర్చుంది.

"మీకొక మాట చెప్పాలండీ, మేడంగారూ. రెండేళ్ళనుంచి గుండెల్లో పెట్టుకున్నాను. అమ్మాయికి మ్యాచిలో కాదండీ తగిలింది. అంతకుముందే తగిలింది. దసరా సెలవులకొచ్చినప్పుడు గుంటలో దిగుతూ ఏడ్చిందండీ. మీతో చెబుదామంటే వద్దమ్మా, మేడం ఆపేస్తారు, సెలక్షన్ పోతుంది అంది. మేమూ ఊరుకున్నాం. ఆశపడ్డామండీ. మీరు దాన్ని కన్నకూతురిలా చూసుకున్నారు, మీ దగ్గర దాచాం. డాక్టరుగారు అడిగితే పాపం మీరు తెలీదన్నారు. ఆ రోజు నాకెంత సిగ్గేసిందో! మమ్మల్ని క్షమించండి."

ఆమె ఏడుస్తోంది. నేను బస్సులో వరసగా పెట్టుకున్న మాటలన్నీ నోటి దగ్గరే ఉన్నాయి. కానీ ఆమె చెబుతున్నప్పుడు నాకు ఏమనిపించిందో కూడా రాయాలి. హాయి అనిపించింది. బరువు దిగినట్టు అనిపించింది. అందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను.

"పర్లేదండీ," అన్నాను.

రాట్నం తిప్పుతున్న చెయ్యి ఆగింది. పిల్ల తలెత్తి నన్ను చూసింది. కొండ మలుపు దగ్గర చూసిన చూపే. తర్వాత తల దించుకుని మళ్ళీ నూలు చుట్టడం మొదలుపెట్టింది.

బస్సుకు టైమవుతుందని లేచాను. అరుగు దిగి చెప్పులు వేసుకుంటుంటే, నన్ను సాగనంపడానికి ఆ పిల్ల బయటికి వచ్చింది. అరుగుకు నాలుగు మెట్లు. గోడ పట్టుకుని, వెనక్కి తిరిగింది. ఒక మెట్టు. రెండో మెట్టు. ముఖం ఇంటివైపు, వీపు నావైపు.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

ఆ పిల్ల రెండో మెట్టు మీదే ఆగిపోయింది. ఇటు తిరగలేదు.

"ఉందండీ," అంది. "అప్పుడూ ఉందండీ."

నేను చెప్పులు విడిచేశాను. ఆ పిల్ల పక్కనుంచి మెట్లెక్కి లోపలికి వెళ్ళాను. వాళ్ళమ్మ కాఫీ గ్లాసులు తీస్తోంది. నన్ను చూసి కంగారుగా లేచింది.

"ఏమన్నా మర్చిపోయారాండీ?"

"లేదండీ, చెప్పకుండా వెళ్ళిపోతున్నాను," అన్నాను. "నాకు తెలుసండీ. మీ అమ్మాయికి ఉయ్యూరులోనే తగిలింది. నేను విన్నాను. కొండ మీద ఎలా దిగుతోందో చూశాను. తెలిసే ఆడించాను."

గొంతు నాకు మామూలుగానే పెద్దది. వాళ్ళమ్మ చేతుల్లో గ్లాసులు అలాగే ఉన్నాయి. పక్క గదిలో మగ్గం ఆగిపోయింది.

మళ్ళీ మొదలవుతుందేమోనని, ఆయన నేసిన చీరలో, అక్కడే నిలబడ్డాను.